దానయ్య గుడిసె గుమ్మం

మా మామయ్య దానయ్య గుడిసెకి గుమ్మం పొట్టిది. ఎంత పొట్టిదంటే, నాలాంటి పొట్టిదాన్ని కూడా వంగకుండా లోపలికి రానిచ్చేది కాదు. తుఫాను గాలి ఇంట్లోకి దూరకూడదని అలా కట్టుకున్నానని ఆయన చెప్పేవాడు. గాలి సంగతేమో గానీ, ఆ గుమ్మానికి తల కొట్టుకోని మనిషి మా పేటలో లేడు. ఒక బీమా ఏజెంటు అయితే నుదురు బొప్పి కట్టించుకుని, పాలసీ మాట ఎత్తకుండానే వెళ్ళిపోయాడు. ఆ గుమ్మం కథ చెప్పాలంటే మా మామయ్య గురించి చెప్పాలి. ఆయన గురించి చెప్పాలంటే, కెనడా వాళ్ళ పండక్కి మా ఇంటిల్లిపాదీ వెళ్ళిన రోజు గురించి చెప్పాలి.

మా ఊరు పర్చూరుకి దగ్గర. ఊరవతల కన్యాస్త్రీల ఆసుపత్రి ఉండేది. మామయ్య మొదట్లో ఆ ఆసుపత్రి గూడుబండి తోలేవాడు. వానాకాలం మా నల్లరేగడి దారుల్లో చక్రం దిగబడితే బండి కాదు కదా, ఉట్టి మనిషే ముందుకు సాగలేడు. అలాంటి దారుల్లో నొప్పులు పడుతున్న ఆడవాళ్ళని పడుకోబెట్టుకుని, ఎద్దుల్ని అదిలించకుండా, బతిమాలుకుంటూ తీసుకొచ్చేవాడట. ఎద్దులతో మాట్లాడినంత మెత్తగా ఆయన మనుషులతో మాట్లాడగా నేను వినలేదు. తర్వాత జీపు వచ్చింది, బండి పక్కకి పోయింది, మామయ్యని గేటు దగ్గర కూర్చోబెట్టారు. గేటు దానయ్య అనే పేరు అలా వచ్చింది. ఆదివారం మాత్రం మా పేటలోని లూథరన్ గుడి గంట కొట్టేది ఆయనే. ఆసుపత్రి వాళ్ళు ఆర్సీయం, అంటే కేథలిక్కులు, మేం లూథరన్. ఆయన జీతం ఒక మతానిది, గంట ఇంకో మతానిది అని పేటలో ఆటపట్టించేవాళ్ళు.

ఆసుపత్రికి పెద్ద సిస్టర్ మార్గరీత్ గారు. కెనడాలో ఫ్రెంచి మాట్లాడే ప్రాంతం ఆవిడది. పడుచుదనంలో వచ్చి ఇక్కడే తల నెరిపించుకుంది. మొదటిసారి బస్సు దిగినప్పుడు ఆవిడని ఆసుపత్రికి తెచ్చింది మామయ్య బండే. మామయ్యకి తల నెరిసిన తర్వాత కూడా రైతుల పిల్లలు ఆయన్ని ఒరేయ్ దానిగా అని పిలిచేవాళ్ళు. దానయ్యగారూ అని పిలిచేది ఆ తెల్లావిడ ఒక్కతే. ఆవిడ అలా పిలిచిన ప్రతిసారీ ఆయన వెనక్కి తిరిగి చూసుకునేవాడు, ఇంకెవరినన్నా పిలిచిందేమోనని.

ఇక మా ఆయన ఏసోబు. మామయ్యకి ఒక్కడే కొడుకు. జిన్నింగ్ మిల్లులో పని. సాయంత్రం ఇంటికొస్తే జుట్టు నిండా దూదే. మా పెళ్ళయిన కొత్తల్లో ఆయన మా పేట చివర పాకలో జరిగే పెంతెకోస్తు కూటాలకి వెళ్ళడం మొదలుపెట్టాడు. పసితనంలో నెత్తిన నాలుగు చుక్కలు చల్లిన బాప్తిస్మం చెల్లదని అక్కడ చెబితే, కొమ్మమూరు కాలవలో నిలువునా మునిగి మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నాడు. మామయ్యకి కష్టంగానే ఉంది. అయినా, "ఎండిన మిరపకాయల్ని ఇంకోసారి ఎండేసినంత మాత్రాన చెడిపోతయ్యా, పోనీలే" అని సర్దుకున్నాడు. అసలు ముప్పు సాక్ష్యం దగ్గర వచ్చింది.

కొత్తగా మునిగినవాళ్ళు కూటంలో లేచి, అంతకు ముందు తమ బతుకు ఎంత పాడుగా ఉండేదో మైకులో చెప్పాలి. దాన్నే సాక్ష్యం అంటారు. మా ఆయన కన్నా ముందు లేచినవాళ్ళు అదృష్టవంతులు. ఒకడు తాగుబోతు, ఇంకొకడు పేకాటలో పొలం పోగొట్టుకున్నవాడు, మూడోవాడు కోళ్ళ దొంగ. జనం నోళ్ళు తెరుచుకుని విన్నారు. మా ఆయనకి ఏ అలవాటూ లేదు. సినిమాకి వెళ్ళినా ఇంటర్వెల్లో శనక్కాయలు కూడా కొనడు. మైకు ముందు నిలబడి, చెప్పుకోవడానికి ఒక్క పాపమన్నా దొరక్క, చెమటలు పోసి, చివరికి, "నేను వెలుగు లేని ఇంట్లో పుట్టాను. మా ఇంట్లో దేవుణ్ణి ఎరిగినవాళ్ళు లేరు" అనేశాడు. జనం స్తోత్రం అన్నారు.

ఆ పాక స్పీకరు వేపచెట్టుకి కట్టి ఉండేది. పేటంతా వినపడుతుంది, పేట దాటి కల్లాల దాకా కూడా. ఆ సమయానికి మామయ్య కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాడు. నేను పక్కనే తాలుకాయలు ఏరుతున్నాను. ఆయన చేతిలో కర్ర అలాగే ఆగిపోయింది. మా అత్తయ్య పున్నమ్మ పోయి అప్పటికి ఇంకా ఏడాది తిరగలేదు. అక్షరం ముక్క రాని మనిషి. ప్రతి సాయంత్రం దీపం పెట్టి, కంఠతా వచ్చిన కీర్తనలు పాడి, కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని ప్రార్థన చేసిన మనిషి. "నన్నంటే అన్నాడు గానీ అమ్మాయ్, దాన్నెందుకన్నాడు?" అని ఒక్కసారి నాతో అన్నాడు మామయ్య. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కొడుకుతో ఏ మాటా ఎత్తలేదు.

అప్పటికే ప్రభుత్వం వాళ్ళు కట్టించిన స్లాబు గది ఒకటి మాకు వచ్చింది. మేం అందులో, ఆయన పక్కనే గుడిసెలో. మధ్యలో మా ముంతపొదుగు మేకని కట్టేసేంత జాగా. అంత జాగాలో తండ్రీ కొడుకులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా ఎలా బతికారో ఇప్పటికీ నాకు అర్థం కాదు. మాటలన్నీ నా మీదుగా నడిచేవి. "బ్రదరుగారికి చెప్పమ్మా, కుండలో నీళ్ళు అయిపోయినయ్యని" అని ఆయన. "పెద్దాయనకి చెప్పు, తెస్తున్నానని" అని ఈయన. ఇద్దరి మధ్యా నాలుగడుగులు కూడా ఉండవు, ఇద్దరికీ చెవులు బాగానే వినపడతాయి. అయినా నేను చెప్పాలి. నేను చెప్పిందాకా ఒకళ్ళు కదిలేవాళ్ళు కాదు, ఇంకొకళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. నా ఒళ్ళు మండిపోయేది.

పాప పుట్టాక అది ఇంకా ముదిరింది. మా లూథరన్లలో బాప్తిస్మం రోజునే పిల్లలకి పేరు పెడతారు. గుడికి తీసుకెళ్ళి ఎస్తేరు అని పెట్టాలని మామయ్య. పసిపిల్లకి బాప్తిస్మం ఏంటి, పాకలో ప్రార్థన చేయించి షారోను అని పెట్టాలని మా ఆయన. పాకలో అడుగు పెట్టనని ఆయన, గుడిలో అడుగు పెట్టనని ఈయన. నాలుగు నెలల పిల్లకి పేరు లేదు. బుజ్జీ బుజ్జీ అని పిలుచుకుంటున్నాం, పక్కింటివాళ్ళ కుక్కపిల్ల పేరు కూడా అదే. నాకు ఎస్తేరు అయినా ఒకటే, షారోను అయినా ఒకటే. నా పిల్లకి పేరు పెట్టే పూట ఆ ఇద్దరూ ఒక్కచోట ఉండాలి. నాకు కావలసింది అంతే. అది జరిగే దారి కనపడక ఏడ్చిన రోజులున్నాయి.

ఎనభై నాలుగు జనవరి ఒకటిన పెద్ద సిస్టర్ గారు తమ ఊరి పండగ చేస్తున్నామని, ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళంతా కుటుంబాలతో రావాలని కబురు పెట్టారు. ఆవిడ తమ్ముడు పియేర్ గారు ఫిడేలు పట్టుకుని కెనడా నుంచి వచ్చాడు. అంతకు ముందు వానాకాలంలో వాళ్ళ నాన్న పోయాడట, ఒంటరిగా ఉన్న అక్కని చూసి పోదామని వచ్చాడు.

"నేను రాను. అక్కడ మొక్కే బొమ్మలూ, డాన్సులూ" అన్నాడు మా ఆయన.

"పురిటిలో మీ కూతురు అడ్డం తిరిగితే బయటికి తీసిన చెయ్యి ఆవిడది. ఆ రోజు బొమ్మలు గుర్తు రాలేదేం? అప్పుడు వరండాలో నిలబడి ఏడ్చింది మీరేగా?" అన్నాను.

చొక్కా తొడుక్కున్నాడు.

ఆసుపత్రి జీపు డ్రైవరు సుభానీ తోలుకొచ్చాడు. మామయ్య ముందు సీట్లో కూర్చున్నాడు, మా ఆయన వెనక. రాత్రి గుళ్ళో, పాకలో కొత్త సంవత్సరం ఆరాధనలు చేసి అందరం నిద్రమొహాలతో ఉన్నాం. నా సంచిలో పిల్ల గుడ్డలతో పాటు కొరివికారం సీసా ఒకటి పెట్టుకున్నాను. తెల్లవాళ్ళ కూడు మన నాలుకకి ఆనదని తెలిసిన విషయమే.

"బ్రదరుగారికి చెప్పమ్మా, కాళ్ళు లోపలికి పెట్టుకోమని. తలుపు పడుద్ది" అన్నాడు మామయ్య ముందుకి చూస్తూ.

"ఇంటికొక టెలిఫోను పెట్టించుకోండి మావా, పాపం కోడలు పిల్ల అలిసిపోతంది" అని సుభానీ నవ్వాడు. వెనక నుంచీ ముందు నుంచీ కూడా ఎవరూ నవ్వలేదు.

ఆసుపత్రి ఆవరణలో పందిరి వేసి, చాపలు పరిచి, బెంచీలు వేశారు. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. ముందు బఠాణీల చారు లాంటిది పోశారు, చిక్కగా, మాంసం ముక్కలతో. తర్వాత రొట్టె. మన రొట్టె కాదు. గిన్నెలో పిండి పరిచి, అందులో పందిమాంసం కైమా నింపి, పైన పిండితోనే మూతేసి కాల్చింది. సుభానీకీ, పంది తినని ఇంకొందరికీ కోడిమాంసంతో వేరే చేయించి, కలిసిపోకుండా దాని మూత మీద పిండితో పువ్వు గుర్తు పెట్టించారు పెద్ద సిస్టర్ గారు. రుచి బాగానే ఉంది గానీ కారం అనేది ఆ చుట్టుపక్కల లేదు. మిరప పండించే ఊరి వాళ్ళం, మాకు ముద్ద దిగదు. నా సీసా బెంచీ కింద నుంచి ఒక చేతి మీదుగా ఒక చేతికి ప్రయాణం మొదలుపెట్టింది. అది మూడో వరసకి చేరేసరికి పెద్ద సిస్టర్ గారు వచ్చి నిలబడ్డారు.

"రెబ్కా, ఆ సీసా నీదేనా?"

"అవునండీ, పిల్లలు మరీ అడిగితే..."

"నాకూ కొంచెం వెయ్యి. మా అమ్మ చేసే రొట్టె ఇది. ఇప్పుడు చప్పగా ఉంది నాకు" అని పళ్ళెం చాపింది. వాళ్ళ తమ్ముడు అక్క ఎర్రటి ముద్ద రొట్టెకి అద్దుకుని తినడం చూసి, ఆవిడ ఎవరో కొత్త మనిషి అన్నట్టు చూశాడు.

ఆఖరున తీపి రొట్టె. దాని మీద పోయడానికి ఆ తమ్ముడు సొంత ఊరి నుంచి డబ్బాతో పాకం తెచ్చాడు. చెట్టు నుంచి కారే నీళ్ళని కాచి చేస్తారట. మామయ్యకి అది వెంటనే బోధపడింది. "మన తాటిబెల్లం లాగన్నమాట. ఎంతమంది ఎక్కుతారమ్మగారూ చెట్లు?" అని అడిగాడు. చెట్టు ఎక్కరనీ, మంచు కరిగే రోజుల్లో మాను మొదలుకే బెజ్జం పెట్టి బకెట్టు తగిలిస్తారనీ సిస్టర్ గారు చెప్పారు. "ఎక్కకుండా కల్లు దిగుద్దా!" అని మామయ్య నమ్మలేదు. తన ముక్క తినకుండా అలాగే పెట్టుకున్నాడు. తీపి ఏదన్నా దొరికితే ఇంటికి పట్టుకెళ్ళి అత్తయ్యకి పెట్టడం ఆయనకి అలవాటు. ఆవిడ పోయినా ఆ అలవాటు పోలేదు.

అప్పుడు పియేర్ గారు కుర్చీ వేసుకుని ఫిడేలు తీశాడు. కాళ్ళ కింద ఒక చెక్క పలక వేయించుకున్నాడు. చేతులు ఫిడేలు వాయిస్తుంటే కాళ్ళు పలక మీద టకటకమని తాళం వేస్తున్నాయి. మనిషి పైసగం కదలదు, కిందిసగం గుర్రం. ఇది చాలదన్నట్టు పెద్ద సిస్టర్ గారు రెండు స్టీలు స్పూన్లు వీపు వీపు ఆనించి పట్టుకుని, మోకాలి మీదా అరచేతి మీదా కొడుతూ వాయించడం మొదలుపెట్టింది. ఆవిడ కోప్పడగా చూశాం, కుట్లు వేయగా చూశాం, ఇలా ఎప్పుడూ చూడలేదు. నర్సులు కేకలు పెట్టారు.

నా ఇటు పక్క మామయ్య, అటు పక్క మా ఆయన. మా లూథరన్ గుడిలో పాటకి కాలు కదిపినవాణ్ణి నేను చూడలేదు. హార్మనీ పెట్టె తప్ప ఏదీ కదలకూడదు. అలాంటిది మామయ్య మడమ నేల మీద చిన్నగా కొట్టుకుంటోంది. మా ఆయన పాకలో కంజీర వాయిస్తాడు. ఆయన వేళ్ళు తొడ మీద అదే దరువు కొడుతున్నాయి. మధ్యలో నేను, నా ఒళ్ళో పిల్ల. ఒకళ్ళది ఒకళ్ళకి తెలియదు. నేను మాత్రం రెండూ చూశాను. దేవుడా, ఇవాళన్నా ఏదన్నా జరగనీ అనుకున్నాను.

పాట ఆగింది. పెద్ద సిస్టర్ గారు స్పూన్లు కింద పెట్టి లేచింది.

"మా ఊళ్ళో జనవరి ఒకటిన ఒక ఆచారం ఉంది" అంది తన తెలుగులో. "ఇంట్లో పెద్దబిడ్డ తండ్రి ముందు మోకరించి, నాన్నా మమ్మల్ని దీవించు అని అడగాలి. తండ్రి కాదనకూడదు. నిన్నటి దాకా ఎంత పోట్లాడుకున్నా సరే. మా ఇంట్లో పెద్దబిడ్డని నేనే. ఈ ఏడాది అడగడానికి మాకు నాన్న లేడు."

అంటూ నేరుగా మా బెంచీ దగ్గరికి వచ్చి, మామయ్య ముందు చాప మీద మోకాళ్ళూనింది. వెనకాలే ఆ తమ్ముడు కూడా. "దానయ్యగారూ, నన్ను ఈ ఊరికి తెచ్చింది మీరు. మా ఇద్దరినీ మీరు దీవించాలి."

మామయ్య ఉలిక్కిపడి లేచాడు. "లేవండమ్మగారూ, తప్పు, తప్పు. నేను గేటు కాడోణ్ణి!" అన్నాడు. ఆవిడ లేవలేదు. ఆయన చేతులు భుజం మీద తుండుకి ఒకసారి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. చెయ్యి ఆవిడ తెల్ల ముసుగు మీద ఆనించాడు. గుడిలో పాదిరిగారు చదివే దీవెన అప్పటికి గుర్తు రానట్టుంది. పేటలో ముసలివాళ్ళు ఆడపిల్లల్ని దీవించే మాటే నోటికి వచ్చింది.

"చల్లగా ఉండమ్మా. పిల్లాపాపలతో నీ కడుపు చల్లగుండ."

కన్యాస్త్రీని పట్టుకుని పిల్లాపాపలతో ఉండమన్నాడు! నర్సులు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. మామయ్య తను ఏమన్నాడో అప్పుడు తెలిసి నాలుక కరుచుకున్నాడు. పెద్ద సిస్టర్ గారు మాత్రం తడి కళ్ళతోనే నవ్వింది. "ఉన్నారుగా దానయ్యగారూ. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మంది నా చేతిలో పుట్టినవాళ్ళే."

అందరూ హాయిగా నవ్వారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆవిడ లేచి, మా ఆయన వైపు చూసి, "ఏసోబూ, మీ ఇంట్లో పెద్దబిడ్డవి నువ్వేగా. రా" అంది.

అన్ని తలలూ ఇటు తిరిగాయి. మా ఆయన మొహం పాలిపోయింది. "మేం దేవుడి ముందు తప్ప మనుషుల ముందు మోకరించమండీ" అన్నాడు నేల చూస్తూ. పొగరుగా అనలేదు. పాకలో అదే నేర్పారు.

"ఎవరూ మోకరించక్కర్లేదమ్మగారూ" అన్నాడు మామయ్య. ఆయన గొంతు నేనెప్పుడూ అలా వినలేదు. "దేవుణ్ణి ఎరగనోడి ఇల్లు మాది. మా దీవెన ఆయనకెందుకు?"

సాక్ష్యం నాటి మాట ఆయన నోట నలుగురిలో రావడం అదే మొదలు. మా ఆయన లేచి పందిరి దాటి వెళ్ళి, బోరింగు పంపు దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. పెద్ద సిస్టర్ గారు నా వైపు చూసింది. నేను పిల్ల మీద గుడ్డ సర్దాను. అక్కడ తెలుగు రాని ఒకే ఒక్క మనిషి, ఆవిడ తమ్ముడు, ఫిడేలు తీసుకుని ఇంకో పాట మొదలుపెట్టాడు. ఆ మనిషికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

తిరుగు ప్రయాణంలో జీపులో కాళ్ళు లోపలికి పెట్టుకోమని కూడా ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. మామయ్య వంగి తన గుడిసెలోకి వెళ్ళి, ఎప్పటిలాగే గుమ్మం లోపలే పీట వేసుకుని కూర్చున్నాడు. ఆయన తినకుండా పెట్టుకున్న తీపి రొట్టె ముక్క జీపులోనే మర్చిపోతే, పొట్లం నా చేతికి వచ్చింది. మా ఆయన అది చూశాడు.

"పెద్దాయనకి ఇచ్చిరా" అన్నాడు.

నాలో అన్నాళ్ళ మంటా ఒక్కసారి లేచింది. "నేనివ్వను. ఇవాళ్టితో నా తంతి ఆఫీసు మూసేశాను. పొట్లం మీరే మొయ్యండి, మాటలూ మీరే మొయ్యండి. ఇదిగో, పిల్లని కూడా మీరే మొయ్యండి!" అని ఒక చేతిలో పొట్లం, ఇంకో చేతిలో పిల్లని పెట్టి, లోపలికి పోయి తలుపు గడియ వేశాను. కిటికీ మాత్రం మూయలేదు. నేనూ మనిషినే.

ఆయన కాసేపు మేక దగ్గర నిలబడ్డాడు. తలుపు వైపు చూశాడు. పిల్ల మూలిగింది. దోమలు ముసురుతున్నాయి, పిల్లని బయట ఉంచడానికి లేదు. చివరికి గుడిసె వైపు నడిచాడు. రెండు చేతులూ ఖాళీ లేవు, చూరు పట్టుకోవడానికి లేదు. పిల్ల తల తగలకుండా తన ఒళ్ళంతా దాని మీదికి వంచి, దాదాపు మోకాలు నేలకి ఆనేంతగా కిందికి దిగి, గుమ్మంలో తల పెట్టాడు.

లోపల నుంచి మామయ్య చెయ్యి వచ్చింది. "ఒరేయ్, తల జాగర్త!" అని, కొడుకు తలకీ గుమ్మం పైకమ్మీకీ మధ్య అరచెయ్యి అడ్డం పెట్టాడు. కమ్మీ తగిలింది చేతి వెనక్కి. చెయ్యి తల మీద ఉండిపోయింది. ఈయన అలా వంగే ఉన్నాడు, ఆయన చెయ్యి తీయలేదు. నేను కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నాను.

"నాన్నా" అన్నాడు మా ఆయన. "ఆ రోజు మైకులో నేను..."

"ఆ రోజు మైకు సరిగా పనిచెయ్యలేదురా. నాకేం వినపళ్ళా."

మా ఆయన ఏడుస్తున్నాడని ఆయన భుజాలు చూస్తే తెలిసింది. "అమ్మ రోజూ దీపం పెట్టేది నాన్నా."

"పెట్టేది" అన్నాడు మామయ్య. పొట్లం అందుకుని, "లోపలికి రారా, పిల్లని దోమలు కుడతన్నయ్" అన్నాడు.

నేను గడియ తీసుకుని పరిగెత్తాను. నేను గుమ్మానికి తల కొట్టుకున్నాను, నాకెవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు. లోపల మామయ్య ఒళ్ళో పిల్ల ఉంది. ఆ తీపి రొట్టె పాకం వేలితో తీసి దాని నాలుకకి రాస్తున్నాడు.

"ఏం పేరు పెడతావురా దీనికి?" అన్నాడు, నాతో కాదు, కొడుకుతో.

"నువ్వే చెప్పు నాన్నా."

ఎస్తేరు అంటాడనుకున్నాను. ఆయన పిల్ల మొహంలోకి చూసి, "పున్నమ్మ" అన్నాడు. మా అత్తయ్యకి బాప్తిస్మంలో పాదిరిగారు రూతమ్మ అని పెట్టారు. ఆ పేరుతో ఆవిడని మామయ్య ఒక్కసారి కూడా పిలవలేదు. పున్నమ్మ బైబిల్లో లేని పేరు, గుడిలోనూ చెల్లని పేరు, పాకలోనూ చెల్లని పేరు. మా ఆయన వెంటనే సరే అన్నాడు.

"కన్నదాన్ని నన్నడగరా?" అన్నాను బొప్పి రుద్దుకుంటూ.

"నిన్నడిగేదేముంది. తంతి ఆఫీసు మూసేశావంటగా" అన్నాడు మామయ్య. అంతా విన్నాడన్నమాట.

ఆ మర్నాటి నుంచి తండ్రీ కొడుకులు నేరుగా మాట్లాడుకున్నారు. మొదటి రోజే నేరుగా పోట్లాడుకున్నారు కూడా, పిల్లకి నీళ్ళు చల్లాలా వద్దా అని. ఆ గొడవ తెగలేదు. ఇద్దరూ ఎవరి గంట వాళ్ళు కొట్టుకున్నారు. కానీ ప్రతి జనవరి ఒకటిన పొద్దున్నే మా ఆయన రెండు చేతుల్లో ఏదో ఒకటి పట్టుకుని గుడిసెకి వెళ్ళేవాడు. గుమ్మంలో వంగేవాడు. లోపల నుంచి చెయ్యి వచ్చేది. గుమ్మం పొట్టిదని వంగాను, అంతేనని మా ఆయన అనేవాడు. తల తగులుద్దని చెయ్యి పెట్టా, అంతేనని మామయ్య అనేవాడు. ఇద్దరూ అబద్ధాలకోర్లే.

మామయ్య ఎనభై తొమ్మిది ఎండాకాలంలో పోయాడు. గుడిసె చూరు జారిపోతుంటే తీసేసి, అక్కడే మా పిల్ల పున్నమ్మకి ఒక గది కట్టించాం. గోడలు లేస్తున్నప్పుడు తాపీమేస్త్రి దర్వాజా ఎంత ఎత్తు పెట్టమంటారని అడిగాడు. మా ఆయన పాత గుడిసె గుమ్మం కమ్మీ తెచ్చి చూపించి, ఇదే పెట్టు, ఇదే ఎత్తులో, అన్నాడు.

"తల తగులుద్ది గదయ్యా" అన్నాడు మేస్త్రి.

"తగలనీ" అన్నాడు మా ఆయన.